దుప్పుల దూలానికి వేలాడిన ట్రెడ్‌మిల్

వెర్నా కాంగస్ బరువెంతో ఆ మార్చి నెల దాకా వాళ్ళాయన రైనోకి కూడా తెలీదు. ముప్ఫయ్యేళ్ళు దాటిన కాపురం. "అడిగితే చెప్పదు, అడక్కపోతే ఎందుకడగలేదంటుంది, నాకెందుకొచ్చిన గోల" అనేవాడు. బడి వంటింట్లో ఆమె పక్కనే నిలబడి ఏళ్ళ తరబడి బంగాళాదుంపలకి చెక్కు తీసిన నాకూ తెలీదు. ఇళ్ళల్లో వాడే కాటా మూడొందల పౌండ్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి వెర్నా ఇంట్లో కాటాయే లేదు. పెద్దమనిషి అని కళ్ళున్న ప్రతివాడికీ తెలుసు. దాని మీద అందరికంటే ముందు తనే నవ్వేది. చేపలకి వెళ్ళినప్పుడు పడవలో కూచుని, "ఇంక మీరంతా ఒడ్డునుంచే గాలాలు వేసుకోండర్రా" అనేది.

అలాంటి మనిషి ఊరంతా చూస్తుండగా, వేటాడిన దుప్పుల్ని తూచే దూలానికి తనంతట తను వేలాడి, తన బరువు పైకి చదివించుకుంది. డెల్బర్ట్ ట్రెవారో మీద పగ తీర్చుకోవడానికి. ఆ పగలో నాకూ వాటా ఉంది, కాబట్టి రెండు వైపులా సమానంగా చెబుతానని ఆశపడకండి. డెల్ అంటే నాకు అప్పుడూ మంట, ఇప్పుడూ మంట.

మొదలైంది మోకాలితో. వెర్నా కుడి మోకాలు అరిగిపోయింది. బడి వంటింట్లో గట్టినేల మీద నిలబడీ నిలబడీ అరిగిందని నేనంటాను, బరువు వల్ల అని పెద్దాసుపత్రి ఎముకల డాక్టరు అన్నాడు. మూడొందలకి దిగితేగానీ కోయనన్నాడు. దిగాలంటే నడవాలి. మా ఊరు కాపర్ ఫోర్క్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బయట నడవడమంటే మంచు మీద జారి రెండో మోకాలు కూడా పోగొట్టుకోవడమే. కాబట్టి ఇంట్లో నడిచే యంత్రం కావాలి. మాకున్న కొట్టు ఒకటే, డెల్ ఇనపసామాన్ల కొట్టు.

ఆ కొట్టు గల్లాపెట్టె వెనకాల గోడకి ఒక ఫోటో ఉండేది. డెల్ వాళ్ళ నాన్న, పక్కన దూలానికి వేలాడుతున్న నల్ల ఎలుగుబంటి. ప్రతి నవంబరులో వేట మొదలైన రోజు కొట్టు ముందు దూలం కడతారు, ఎవరు దుప్పిని కొట్టినా తెచ్చి వేలాడదీసి తూస్తారు. అన్నిటికంటే బరువైనదాని ఫోటో ఆ గోడకెక్కుతుంది. దానికి మించింది వేలాడే దాకా అక్కడే ఉంటుంది. మొదట్లో దుప్పులకే ఆ గౌరవం. డెల్ వాళ్ళ నాన్నకి దుప్పి దొరక్క ఎలుగుబంటి దొరికిన ఏడాది, దూలం తనది, కాటా తనది, కొట్టు తనది గనక, "దూలానికి వేలాడిందేదైనా లెక్కే" అని నియమం మార్చేశాడు. రెండొందల తొంభై పౌండ్ల ఎలుగుబంటిని మించే దుప్పి ఎక్కడ పుడుతుంది? ఆ ఫోటో అలా పాతుకుపోయింది. డెల్ రోజూ దాని అద్దం తుడిచేవాడు.

ట్రెడ్‌మిల్ కొనడానికి వెర్నాతో నేనూ వెళ్ళాను. డెల్ దాన్ని కిటికీలో పెట్టి, పైన గట్టినీళ్ళని మెత్తబరిచే యంత్రాల్లో వేసే ఉప్పు బస్తాలు గుట్టగా పేర్చాడు. "చూశావా? మూడొందల యాభై పౌండ్లు. చెక్కుచెదరదు. మన కొండంత మనుషుల కోసమే చేశారు, తల్లీ. వేరే చోట దీనికి మూడింతలు పెట్టాలి" అన్నాడు. వెర్నా అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరగా వంగి, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. "ఇంకేం, ముప్ఫై పౌండ్లు మిగిలే ఉన్నాయి" అన్నాడు డెల్. వెర్నా ముఖం ఎర్రబడింది. మొగుడికి చెప్పని సంగతి మొదటిసారి ఒక దుకాణదారుకి చెప్పింది పాపం, యంత్రం సరిగ్గా ఎంచుకోవాలని.

ముచ్చటగా మూడు వారాలు నడిచింది. ఒక ఆదివారం పొద్దున మధ్యలో పలక ఫెళ్ళున విరిగింది. పట్టా మడతపడి ఆగిపోయింది. వెర్నా ముందుకి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది.

కట్టు వేయించుకుని కొట్టుకి వెళ్ళాం. లోపల నలుగురైదుగురు కాఫీ తాగుతూ కూచున్నారు. దారిలో ఆమె ఎరుపూ నలుపూ గళ్ళ కోటు గుండీ విడిపోతే, ఒక చెయ్యి కట్టులో ఉంది గనక గుమ్మంలోనే నిలబెట్టి నేనే పెట్టాను. చలిగాలి లోపలికి రాకుండా తలుపు వారగా పట్టుకుని డెల్ చూస్తూ నిలబడ్డాడు. "జాగ్రత్త ఆర్లీన్, ఆ గుండీ ఎగిరొచ్చి నా కన్ను పోయేను" అన్నాడు. కాఫీ బల్ల దగ్గర నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. అక్కడి దాకా సరదాయే.

తర్వాత వెర్నా విరిగిన సంగతి చెప్పింది. డెల్ ముఖం మారిపోయింది.

"పెట్టె మీద రాసుంది కదమ్మా, మూడొందల యాభై అని. పెట్టె అబద్ధం చెప్పదు" అన్నాడు.

"నేను దానికి తక్కువే డెల్. నీకు చెప్పాను కదా."

"చెప్పావు. మూడొందల ఇరవై అన్నావు." బల్ల వైపు తిరిగి మరీ అన్నాడు. "ఆడవాళ్ళు బరువు చెప్పినా వయసు చెప్పినా పైన ఇంకో యాభై కలుపుకోవాలర్రా. తప్పు నాదే, కలుపుకోలేదు."

బల్ల మళ్ళీ నవ్వింది. ఈసారి వెర్నా నవ్వలేదు.

దానితో ఆగినా పోయేది. ఆ శుక్రవారం చేపల వేపుడు విందులో రెండు బీర్లు పడ్డాక డెల్ లేచి, "ఇకనుంచి ట్రెడ్‌మిల్ అమ్మేముందు మనిషిని దూలానికి కట్టి తూచి అమ్ముతా" అన్నాడు. అంతే, ఊరికి ఒక కొత్త మాట దొరికింది. సోమవారం బడిలో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ రెండో తరగతి పిల్ల, ఏ పాపం ఎరగకుండా, "మిమ్మల్ని దూలానికి కడతారట కదా, నొప్పి పుట్టదా?" అని అడిగింది. వెర్నా ఆ పిల్లకి ఇంకో రెండు పీచ్ ముక్కలు వేసి, సరుకుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను వెనకాలే వెళ్ళాను. పిండి బస్తా మీద కూచుని ఏడుస్తోంది. లావు అన్నందుకు కాదు. అది పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

"నన్ను అబద్ధాలకోరు అన్నాడే" అంది. "నోరు విప్పి ఒక్కడికి నిజం చెప్పాను. వాడు దాన్ని తీసుకెళ్ళి బీరులో నంజుకున్నాడు."

"ఆసుపత్రిలో తూచి డాక్టరు రాసిచ్చిన చీటీ ఉందిగా? వాడి మొహాన కొట్టు."

"చీటీ ఎవరు చూస్తారే? నలుగురు. నవ్వింది ఎంతమంది?" కట్టు ఉన్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "నేను నిజం చెప్పానని వాడి నోటితోనే, వాడి దూలం కిందే, ఊరు వినేలా చెప్పిస్తాను. అప్పటిదాకా ఆ కొట్టులో మేకు కూడా కొనను."

వేసవిలో కట్టు విప్పారు. ఇంకో యంత్రం కావాలి కదా, పాత సామాన్ల అమ్మకాలకి వారం వారం బయల్దేరాం. ఈసారి వెర్నా కిటికీలో బస్తాలు చూసి మోసపోయే మనిషి కాదు. పెట్టె మీద రాతలు చదవడం మానేసింది. ముందు వెళ్ళి యంత్రం ఒక మూల పట్టుకుని ఎత్తేది. సులువుగా లేచిందా, చేతులు దులుపుకుని వచ్చేసేది. "నేను దీన్ని ఎత్తగలిగితే ఇది నన్నేం మోస్తుందే" అనేది. లేవకపోతే అప్పుడు రెండో పరీక్ష. పలక కింద చెయ్యి పెట్టి మందం చూసేది, నడుముకి ఇంత అడ్డం వస్తుందని చేతులు చాచి పట్టా వెడల్పు చూసేది. పెద్ద ఒళ్ళున్న వాళ్ళ పాదాలు దగ్గర దగ్గరగా పడవు, ఇరుకు పట్టా మీద మడమ పక్కకి పోతుంది. పిడులు పట్టుకుని ఊపేది. చివర్న మీటలు నొక్కి, నిదానంగా తిరుగుతుండగా మధ్యలోకెక్కి, కళ్ళు మూసుకుని వినేది. తను అడుగు వేసినప్పుడల్లా మోటారు గొంతు తగ్గిందంటే దిగిపోయేది.

"బస్తా కదలకుండా పడుంటుంది ఆర్లీన్. నేను అడుగేస్తే ఒక్క కాలి మీదే మొత్తం పడుతుంది. డెల్ గాడి ఉప్పు నడిచిందా?" అంది ఒకసారి, ఎవరిదో గరాజులో నిలబడి. ఆ గరాజు ఆయన బిత్తరపోయి చూశాడు. ఆయన యంత్రం ఆ పరీక్షల్లో మొదటిదే దాటలేదు.

చాలా చూశాక, మూతపడిన వైద్యశాల ఒకటి సామాన్లు తెగనమ్ముతుంటే అక్కడ దొరికింది. ఆకుపచ్చ రంగు వెలిసిపోయి, చూడ్డానికి చెరువు గట్టున వదిలేసిన పాత పడవలా ఉంది. మూల పట్టుకుని ఎత్తబోతే కదల్లేదు. వెర్నా ముఖం వెలిగిపోయింది. కొత్త నాసిరకం యంత్రం కంటే తక్కువకే వచ్చింది, నేలమాళిగలోకి దించడానికి నలుగురు మొగాళ్ళు కావలసి వచ్చారు. అప్పుడే వెర్నా ఉన్నట్టుండి ఆగి, "రైనో, మార్చిలో డెల్ పంపిన దాన్ని ఇంట్లోకి ఎంతమంది తెచ్చారు?" అని అడిగింది.

"ఒక్కడే. పాట పాడుకుంటూ తెచ్చాడు."

వెర్నా గరాజులోకి వెళ్ళి, విరిగిన యంత్రం పక్కన మడిచి పెట్టిన అట్టపెట్టె తీసి చదివింది. నాకేసి చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు డెల్ మీద జాలి కలగాలి. కలగలేదు.

అయితే ఆ ఆకుపచ్చ యంత్రం మీద వెర్నా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. దుప్పటి కప్పి పెట్టింది. "నడవ్వేం?" అన్నాను.

"ఇప్పుడు నడిచి తగ్గితే వాడేమంటాడు? మార్చిలో ఎక్కువే ఉన్నావు, ఇప్పుడు తగ్గి వచ్చావు అంటాడు. నేను తగ్గకూడదే. పెరగాలి. అప్పటికంటే ఇప్పుడు లావయ్యానని వాడి కంటికే కనబడాలి, అయినా మూడొందల యాభై దాటకూడదు."

"నీ మోకాలు?"

"మోకాలు ఆగుతుంది. ఇది ఆగదు, వచ్చే ఏడాదికి ఊరు తను నవ్విన సంగతే మర్చిపోతుంది."

ఇలాంటి పిచ్చి ఎక్కడైనా చూశారా? తగ్గాల్సిన మనిషి పగ కోసం తినడం మొదలుపెట్టింది. యాలకుల రొట్టె, వెన్న, పొయ్యిలో పొంగిన అట్లు. గళ్ళ కోటే ఆమె కాటా. వారానికోసారి నేను గుండీ పెట్టి చూసేదాన్ని. సెప్టెంబరులో పట్టింది. అక్టోబరులో లాగితే పట్టింది. నవంబరులో బొటనవేలంత దూరంలో ఆగిపోయింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై పౌండ్ల సందు. బొటనవేలంత గుడ్డలో ఎన్ని పౌండ్లు పడతాయో ఎవరికి తెలుసు? ఊళ్ళో అంత బరువు తూచే కాటా డెల్ దగ్గరే ఉంది. మూడొందల యాభై ఒకటి వచ్చిందంటే ఇంక ఆ ఊళ్ళో ఆమె తలెత్తుకోలేదు, డెల్ చెప్పిందే నిజమైపోతుంది.

"పెద్దాసుపత్రికి పోయి ముందు తూచుకుందామే" అని బతిమాలాను.

"వద్దు. ముందే తెలిస్తే భయపడి మానేస్తాను" అంది.

వేట మొదలైన రోజు బడికి సెలవు. మధ్యాహ్నానికి కొట్టు ముందు ఊరు ఊరంతా చేరింది. మాంసం కూరిన పేస్టీల వాసన, తడి ఉన్ని వాసన. దూలానికి అప్పటికే దుప్పులు వరసగా వేలాడుతున్నాయి. డెల్ కాటా పక్కన మైకు పట్టుకుని, ఒక్కొక్కదాని బరువూ రెండుసార్లు అరుస్తున్నాడు. ఒకసారి పలక మీద రాసేవాడికి, ఒకసారి వెనక నిలబడ్డవాళ్ళకి. అది వాళ్ళ నాన్న నాటి పద్ధతి. రైనో ట్రక్కు వెనక్కి తిప్పి తెచ్చి ఆపాడు. పైన టార్పాలిన్ చూసి, "రైనో పెద్దదే కొట్టాడ్రోయ్" అన్నారు జనం. గొలుసు తగిలించి లాగారు. టార్పాలిన్ జారింది.

విరిగిన ట్రెడ్‌మిల్ దుప్పుల పక్కన వేలాడుతోంది. పట్టా నాలుకలా కిందికి జారింది. కొట్టిన దుప్పికి కట్టే వేటగాళ్ళ చీటీ ఒకటి దానికీ కట్టి ఉంది.

జనం విరగబడి నవ్వారు. డెల్ నవ్వలేదు. "ఏంటిది వెర్నా, తీయించు. మధ్యలో ఈ ఆటలేంటి?"

"దూలానికి వేలాడింది డెల్. తూచాలి. ముందు ఇది చదువు." అట్టపెట్టె ముక్క అందించింది.

మైకు చేతిలోనే ఉంది, ఊరు చూస్తోంది. చదివాడు. "యంత్రం బరువు రెండొందల అయిదు పౌండ్లు. మోయగల బరువు మూడొందల యాభై."

"ఇప్పుడు కాటా చదువు."

డెల్ కాటా చూశాడు. మళ్ళీ చూశాడు. "నూట పన్నెండు" అన్నాడు, దాదాపు గొణుగుతూ.

"రెండుసార్లు!" అని అరిచాను నేను. వెనకనుంచి ఇంకా చాలామంది అరిచారు.

"నూట పన్నెండు! అయితే ఏంటి? పెట్టె మీద రాసింది ప్యాకింగుతో కలిపి."

"ప్యాకింగు తొంభై పౌండ్లా?" అంది వెర్నా. "అట్టలో ఇనుము కలిపి చేశారా? ఇవాళ కొట్టిన ఆ కొమ్ముల దుప్పి కూడా దీనికంటే బరువుంది కదయ్యా. పెట్టె అబద్ధం చెప్పదన్నావు?"

డెల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. అక్కడితో ఒప్పుకుని ఊరుకుంటే బతికిపోయేవాడు. కానీ ఆ నోరు ఊరుకోదు. "సరే, యంత్రం తేలిక. ఒప్పుకున్నా. దాంతో నువ్వు తేలికైపోయావా? ఎక్కువ లేకపోతే ఎందుకు విరిగింది?"

"ఆ మాట కోసమే వచ్చాను" అంది వెర్నా.

మోకాలికి ఊతగా పట్టుకొచ్చిన కర్ర వదిలేసి, గళ్ళ కోటు తొడుక్కుని జనంలోకి నడిచింది. "మార్చిలో ఈ కోటుకి గుండీ పట్టిందా లేదా డెల్? నీ కన్ను పోతుందన్నావు."

"పట్టింది."

"ఇప్పుడు పెట్టు."

"నేనా?"

"నువ్వే. ఆర్లీన్ పెడితే మోసమంటావు."

డెల్ దగ్గరికొచ్చి రెండు చేతులతో లాగాడు. పట్టలేదు. ఊపిరి బిగబట్టి లాగాడు. పట్టలేదు.

"అప్పటికంటే లావయ్యానా, సన్నబడ్డానా?"

"లావే అయ్యావు."

"మైకులో."

"లావే అయ్యింది!" అని మైకులో చెప్పాడు పాపం.

రైనో వాళ్ళ వరండా ఊయల పలక తెచ్చి గొలుసుకి తగిలించాడు. వెర్నా కూచుంది. కోటు, బూట్లు, పలక, తాళ్ళు, అన్నీ కలిపి. "ఏదీ తియ్యకు డెల్, అన్నీ నా లెక్కలోనే వెయ్యి" అంది. గొలుసు బిగిసింది, ఆమె పాదాలు నేల వదిలాయి. రైనో టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది. దుప్పుల మధ్య గాలిలో మెల్లగా తిరుగుతూనే వెర్నా చూపు మాత్రం తిప్పకుండా డెల్ ముఖం చూస్తోంది. ఆ ముఖం పాలిపోవడం నేనూ చూశాను. అప్పుడే తెలిసిపోయింది నాకు.

"చదువు."

"మూడొందల... నలభై ఆరు."

"వెనకాలవాళ్ళకి వినబళ్ళేదట."

"మూడొందల నలభై ఆరు!"

ఎవరూ నవ్వలేదు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, ఆగలేదు. రైనో ఏడుస్తున్నాడు. నేను కూడా ఏడ్చాను, కానీ నాది సంతోషం మాత్రమే కాదు, డెల్ అలా నిలబడి ఉండటం చూడటంలో ఉన్న తీపి కూడా.

"నేను నీకు నిజమే చెప్పానా డెల్?"

"చెప్పావు." మైకు నోటి దగ్గరే ఉంది. "వెర్నా నిజమే చెప్పింది."

"ఇంక దించండర్రా" అన్నాడు డెల్.

"ఆగు, ఫోటో ఏది?" అంది వెర్నా పైనుంచే.

డెల్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. జనానికి పట్టలేదు. "వేలాడినవాటిలో బరువైనదాని ఫోటో!" అని ఎవరో అరిచారు. "అది మనుషులకి కాదు!" అన్నాడు డెల్. అప్పుడు ఊరంతా ఒకే గొంతుతో వాళ్ళ నాన్న మాటే తిప్పి కొట్టింది. "దూలానికి వేలాడిందేదైనా లెక్కే!"

మర్నాడు పొద్దున ఆకుపచ్చ యంత్రం మీది దుప్పటి తీశాం. పగ కోసం పెంచిన బరువుతోనే మొదలుపెట్టి, చలికాలమంతా నడిచింది. మోటారు గొంతు ఒక్కసారీ తగ్గలేదు. వేసవికి డాక్టరు మోకాలు మార్చాడు. కర్ర పోయింది, గళ్ళ కోటు వదులైంది. ఇప్పుడు వెర్నా వారం వారం డెల్ కొట్టుకి వెళ్ళి ఒక్క మేకు కొంటుంది. ఒక్కటే. అది ఇవ్వడానికి డెల్ గల్లాపెట్టె వైపు తిరగాలి. తిరిగితే ఎదురుగా గోడ మీద, ఎలుగుబంటి ఉండాల్సిన చోట, గుండీ పట్టని కోటుతో ఊయల మీద వెర్నా, పక్కన నాలుక జారిన ట్రెడ్‌మిల్. కొట్టులో ట్రెడ్‌మిల్ కొందామని వచ్చిన ప్రతివాడూ ముందు ఆ ఫోటో గురించి అడుగుతాడు. డెల్ ఇప్పుడు ట్రెడ్‌మిల్లు తెప్పించడం లేదు.

మొన్న నేనూ వెంట ఉన్నాను. డెల్ మేకు కాగితంలో చుడుతూ, గొంతు తగ్గించి, "వెర్నా, ఏడాదవుతోంది. ఇంక దించనీయవే. నాన్న ఫోటో పెట్టుకుంటా" అన్నాడు.

"నేనెవర్ని డెల్, ఆపడానికి? మీ నాన్న పెట్టిన నియమమేగా. మూడొందల నలభై ఆరు మించింది ఏదైనా వేలాడితే చాలు." మేకు జేబులో వేసుకుని, గల్లాపెట్టెకి ఆనుకున్న అతని పొట్ట వైపు నింపాదిగా చూసింది. "ఊయల పలక మా వరండాలోనే ఉంది. నువ్వెక్కు, నేను చదువుతా. రెండుసార్లు."